సగం గ్లాసు

"ఈ గడప దాటితివా, నా మీద ఒట్టే!" అంది తిరుపాలమ్మ, వాకిలికి అడ్డంగా చేతులు చాపి.

ఆమె ఒట్లకు ఆ ఇంట్లో పెద్ద విలువ లేదు. గొర్రె కుంటితే ఒట్టు, చారులో ఉప్పు తక్కువైతే ఒట్టు. అవన్నీ తగిలేవే అయితే ఆమె ఎప్పుడో పోయి ఉండాలి. కానీ ఊళ్ళో ఆమె వయసు వాళ్ళందరికంటే ఆమే గట్టిగా ఉంది. అయినా కోడలు ఈశ్వరి ఆగింది. చేతిలో సంచి ఉంది, కాళ్ళకు చెప్పులున్నాయి, శింగనమల బస్సు వచ్చే వేళయింది.

"జరుగత్తా. బస్సు పోతాది."

"పోతే పోనీ. ఆసుపత్రికి మళ్ళా ఏంటికి? మొన్ననే గదా పోయొస్తిరి. రగతం తీసిరి, చూసిరి, షుగరు లేదు అంతా బాగుండాదనిరి. బాగుండాదని చెప్పినోళ్ళ దగ్గరికే మళ్ళా పోయి, బాగలేదని చెప్పించుకొని వస్తావా?"

"ఒగసారి మళ్ళా చేయించుకుంటా. అంతే."

"అంతే అంట! నేను పొద్దున్నే లేసి ఓళిగలకని బ్యాళ్ళు ఉడకేసినా. ఈమె సంచి తగిలించుకొని నిలబడె."

పంచలో మంచం మీద కూర్చున్న మామ గురప్ప కల్పించుకున్నాడు. "పోతానంటే పోనీలేవే. చేయించుకుంటే మనదేం పోతాది?"

"నువ్వు గమ్మునుండు."

గురప్ప గమ్మునున్నాడు. పెళ్ళయిన నాటినుంచి ఆయనకు అది అలవాటే.

"అది కాదు ఈశ్వరీ," గొంతు తగ్గించింది తిరుపాలమ్మ. "నువ్వు ఊరికే భయపడతాండావు. ఆ బిడ్డ పోయినాకాన్నుంచి నీకు అన్నిటికీ అనుమానమే..."

అనేశాక నాలుక కరుచుకుంది.

ఆ ఇంట్లో ఆ బిడ్డ మాట ఎవరూ ఎత్తరు. నెలలన్నీ నిండిన తర్వాత ఒకరోజు కడుపులో కదలిక ఆగిపోయింది. మగబిడ్డ. బొద్దుగా, నల్లటి జుట్టుతో, నిద్రపోతున్నట్టే ఉన్నాడు. అంత ఏపుగా పెరిగిన బిడ్డ ఎందుకు పోయాడో ఎవరికీ అర్థం కాలేదు. రాత అనుకున్నారు. మళ్ళీ ఇన్నాళ్ళకు ఈశ్వరికి నెల తప్పింది, ఇప్పుడు మూడో నెల. ఈసారి మొదట్లోనే అన్ని పరీక్షలూ చేయించుకుంటానని పట్టుబట్టింది ఈశ్వరే.

పొయ్యి మీద ఓళిగల పప్పు కుతకుతమంటోంది.

"అత్తా," అంది ఈశ్వరి చివరికి. "ఆ బిడ్డ పోయినాడు గాబట్టే పోతాండా. ఈ బిడ్డన్నా నాకు దక్కల్ల."

తిరుపాలమ్మ చేతులు వాటంతటవే కిందికి దిగాయి. కానీ ఆమె తెలివి తక్కువది కాదు. కోడలు మాట్లాడుతూ మాట్లాడుతూ రెండు మూడుసార్లు గొర్రెల దొడ్డి వైపు చూడటం గమనించింది. దొడ్డిలో కొడుకు నరసింహులు పొద్దున్నించీ ఒకే గొర్రె గిట్టను పట్టుకుని కూర్చున్నాడు. ఆ గొర్రెకు ఏ జబ్బూ లేదు. దానికి కూడా విసుగొచ్చి కాలు లాక్కుంటోంది.

"ఒరే నరసింహా! ఇట్ల రా."

"గిట్ట చూస్తాండానమ్మా..."

"గిట్ట ఏడికీ పోదు. రా!"

నరసింహులు తేలుకుట్టిన దొంగలా వచ్చి నిలబడ్డాడు. ఈశ్వరి అతని వైపు చూసింది. చెప్తానన్నావు కదా, చెప్పు అన్నట్టుంది ఆ చూపు.

"అమ్మా... ఆ పొద్దు ఆసుపత్రిలో తాగమని గ్లూకోజు నీళ్ళిచ్చిరి గదా..."

"ఆ. ఇచ్చిరి."

"దాంట్లో సగం నేను తాగినా."

గురప్ప మంచం మీదినుంచి లేచి నిలబడ్డాడు. తిరుపాలమ్మకు కాసేపు నోట మాట రాలేదు. ఇలాంటిది ఆ ఇంట్లో ఎప్పుడో గానీ జరగదు.

"నువ్వేంటికి తాగితివిరా? నీకేమన్నా కడుపా?"

ఈశ్వరికి నవ్వొచ్చింది. నవ్వితే మొగుడు ఇంకా కుంచించుకుపోతాడని కొంగు అడ్డం పెట్టుకుంది.

"అది గాదమ్మా. గ్లాసు నిండా ఇచ్చిరి, పాకం మాదిరి. రెండు గుక్కలకే ఈమె వాంతి చేసుకునేటట్లాయ. నాకు చూడబుద్ధి కాలే. సూడి గొర్రెకు మనం మందు ఎట్ల తాపుతాం? సగమే గదా? ఎక్కువైతే కడుపు పోతాదని నాయనే గదా నేర్పించె. మనిషికి మాత్రం గ్లాసుడు పోస్తే ఎట్ల అనుకుంటి. పారబోద్దామంటే నర్సమ్మ ఈ పక్కకే చూస్తాండె. అందుకని తిరుక్కొని తాగేస్తి."

కడుపుతో ఉన్న గొర్రెకు సగం మందు. గురప్ప తండ్రి కాలంనుంచి వాళ్ళ మందలో అదే లెక్క. మందు ఎక్కువై ఒక్క సూడి గొర్రె కూడా ఈనకుండా పోలేదన్నది నరసింహులు గొప్ప. ఆ లెక్కనే ఆసుపత్రికి కూడా తీసుకుపోయాడు పాపం. పెండ్లాం మీద ప్రేమ తప్ప అతని మనసులో ఇంకేమీ లేదు.

"అది మందు కాదత్తా," అంది ఈశ్వరి. "ఆ నీళ్ళన్నీ తాగినాక, రెండు గంటలకు రక్తంలో చక్కెర ఎంత ఉండాదో చూస్తారు. సగం తాగితే తక్కువే గదా చూపించేది? అప్పుడు నాకూ తట్టలే. కడుపులో తిప్పుతాండె, ఈయన గ్లాసు తీసుకుంటే బతికినా అనుకుంటి. వచ్చేటప్పుడు ఇంగో ఆమెను నర్సమ్మ తిడతాండె, పూర్తిగా తాగకపోతే పరీక్ష చేసినట్లే కాదు అని. అది విన్నాకాన్నుంచి నాకు కూడు సయించలే."

"ఆడనే చెప్పల్ల గదా!"

"ఈయప్ప మొగం చూసి చెప్పలేకపోతి."

తిరుపాలమ్మ కొడుకును తిట్టడానికి నోరు తెరిచింది. అతని ముఖం చూసి మూసుకుంది. పొయ్యి దగ్గరికి పోయి మంట ఆర్పింది. పప్పు మీద మూత పెట్టి, చెంగుతో చేతులు తుడుచుకుని, గూట్లోంచి తన చెప్పులు తీసి కింద వేసింది.

"నిలబడుకోని చూస్తాండారేం? పదండి. నేనూ వస్తాండా. ఈసారి ఆ గ్లాసు దగ్గర నేనే కూచుంటా. వీడు గేటు బయట ఉంటాడు."

బస్సులో అత్తాకోడళ్ళు ఒక సీట్లో కూర్చున్నారు. వెనక సీట్లో నరసింహులు. చెరువు దాటాక తిరుపాలమ్మ కునికిపాట్లు మొదలుపెట్టింది. అప్పుడు అతను ముందుకు వంగి ఈశ్వరి భుజం మీద వేలితో తట్టాడు.

"కోపమా?"

"నీమీద కోపమేంది? నేను వాంతి చేసుకోగూడదని తాగితివి."

"ఆ పొద్దు ఇంటికొచ్చినాక నాకు తల తిరిగె తెల్సునా? అంత తియ్యగుండాది. మొత్తం తాగింటే నువ్వేమైపోతాంటివో."

"ఈ పొద్దు మొత్తం తాగుతా. ఏమీ కాను."

"నేను తాగనులే," అన్నాడు చాలా బుద్ధిగా.

ఈశ్వరి అతని వేలిని భుజం మీద అలాగే కాసేపు పట్టుకుంది. ఆ మనిషికి తన మీదున్న ఆపేక్ష చూస్తే ఆమెకు ఒక్కోసారి ఏడుపొస్తుంది.

ఆసుపత్రిలో సంగతి విని నర్సు హేమావతి నెత్తిన చేయి పెట్టుకుంది. తిట్టాలో నవ్వాలో ఆమెకూ తెలియలేదు.

"మీ ఆయప్ప యాడ?"

"గేటు బయట నిలబెట్టినాంలేమ్మా," అంది తిరుపాలమ్మ. "లోపలికి రాడు."

"ఇంత మాత్రానికే భయపడేదేంది ఈశ్వరీ? వాంతి వస్తాందంటే చెప్పల్ల. నిమ్మకాయ పిండి ఇస్తాంటి."

హేమావతి నిమ్మరసం పిండిన గ్లూకోజు నీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఈశ్వరి బల్ల మీద కూర్చుంది. తిరుపాలమ్మ పక్కన కూర్చుని వీపు నిమరడం మొదలుపెట్టింది.

"తాగు నా తల్లి. మెల్లగా. ఇంగో గుక్క. అదీ. యాడ చూస్తాండావు? గ్లాసులోకి చూడొద్దు, నా మొగం చూడు."

"నీ మొగం చూస్తే నవ్వొస్తాది అత్తా."

"నవ్వు. నవ్వుతానే తాగు."

గ్లాసు ఖాళీ అయింది. తిరుపాలమ్మ దాన్ని తీసుకుని బోర్లించి మరీ చూసింది. తర్వాత రెండు గంటలూ ఆ చెయ్యి ఈశ్వరి వీపు మీదినుంచి తీయలేదు. మధ్యలో ఒకసారి ఈశ్వరికి వికారమై కళ్ళు మూసుకుంటే తన కొంగుతో విసిరింది. పుట్టింట్లో తల్లి లేని ఈశ్వరికి ఆ కొంగు గాలి చాలు. మనసులోని భయం మాత్రం తగ్గలేదు.

రక్తం తీసిన కాసేపటికి డాక్టరు ప్రసూన లోపలికి పిలిచింది. నరసింహులును కూడా రమ్మంది.

"నూట అరవై ఎనిమిది ఉంది ఈశ్వరీ. నూట నలభైకి లోపల ఉండాలి."

తిరుపాలమ్మ కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"భయపడకండి," అంది ప్రసూన. "మూడో నెలలోనే తెలిసింది, అదే మనకు మేలు. బిడ్డ బాగానే ఉంది. ముందు తిండి సరిచేసుకుందాం. రోజూ తిన్నాక కొంచెంసేపు నడవాలి. రెండు వారాలకు మళ్ళీ చూస్తాను. అప్పటికీ తగ్గకపోతే మందు ఇస్తాను, అవసరమైతే ఇన్సులిన్ సూది. దానివల్ల బిడ్డకు ఏ హానీ లేదు."

"ఏం తినల్లమ్మా? కూడు మానుకోవల్లనా?" అంది తిరుపాలమ్మ.

"మానుకోకూడదు. ఆకలితో ఉంచొద్దు. సంగటి ముద్ద చిన్నది చేయండి, ఆకుకూర, పప్పు ఎక్కువ పెట్టండి. ఒకేసారి కాకుండా కొంచెం కొంచెంగా. చక్కెర, బెల్లం, ఓళిగల్లాంటి తీపి మాత్రం వద్దు."

"నేను రోజూ పొద్దున రాగిగంజిలో ఇంత బెల్లం వేసి తాపుతాంటి..."

"ప్రేమతోనే చేసుంటారు. ఇంక మజ్జిగ పోసి తాపండి."

తిరుపాలమ్మ తలూపింది. డాక్టరు కాగితం మీద రాస్తూ అడిగింది.

"మొదటి కాన్పులో బిడ్డ పుట్టినప్పటికే లేడన్నారు కదా. బరువు ఎంత ఉండేవాడు?"

"నాలుగు కిలోల పైనే," అన్నాడు నరసింహులు. "నేనే ఎత్తుకున్నా."

ప్రసూన రాయడం ఆపింది. "అప్పుడు ఈ పరీక్ష చేశారా?"

ఈశ్వరి అడ్డంగా తలూపింది.

"అప్పుడు కూడా షుగరు ఉండేదా మేడమ్? దాంతోనే పోయినాడా?" నరసింహులు ముందుకు జరిగాడు.

"ఇప్పుడు ఎవరూ ఖాయంగా చెప్పలేరు. షుగరు ఉన్నట్టు తెలియకపోతే బిడ్డ మరీ బరువు పెరగడం, కడుపులోనే పోవడం జరగొచ్చు. అన్నిసార్లూ అదే కారణం కాదు. పరీక్ష చేసి ఉంటే తెలిసేది, అంతే. అయిపోయిన దానికి ఎవర్నీ ఏమీ అనుకోకండి. ఇప్పుడున్న బిడ్డను చూసుకుందాం."

చెప్పాల్సిన మాట డాక్టరు మంచిగానే చెప్పింది. వినాల్సిన నరసింహులు చెవికి మాత్రం చివరి మాటలు ఎక్కలేదు.

బయటికొచ్చి ముగ్గురూ ఆసుపత్రి గోడ నీడలో నిలబడ్డారు. ఎండ పెటపెటలాడుతోంది. నరసింహులు తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. తుడుచుకున్నవాడు తువ్వాలు ముఖం మీదినుంచి చాలాసేపు తీయలేదు.

"అప్పుడేంటికి చేయలేదు?" అన్నాడు తీశాక.

ఈశ్వరి కళ్ళు అత్త వైపు తిరిగాయి.

"నర్సమ్మలు ఇండ్లకు వస్తారు గదా. కడుపుతో ఉండేవాళ్ళ దగ్గరికి తప్పకుండా వస్తారంట. మన ఇంటికి రాలేదా?"

వచ్చింది. ఆ సంగతి తెలిసినవాళ్ళు ఇద్దరే.

ఆ ఎండాకాలం నరసింహులు, గురప్ప మేత కోసం మందను కర్నూలు కాలవల కింది పొలాల్లోకి తోలుకుపోయారు. అప్పటి నర్సు గ్లూకోజు పొట్లంతో వాకిట్లోకి వచ్చింది. ఐదో నెల నిండేదాకా కడుపు సంగతి బయటపెట్టకూడదన్నది ఆ ఇంటి ఆచారం, దిష్టి తగులుతుందని. తిరుపాలమ్మ ఆమెను కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, మా కోడలికి ఏమీ లేదమ్మా అని సాగనంపింది. ఇంకోసారి వస్తే పుట్టింటికి పోయిందని చెప్పింది. అప్పుడు ఈశ్వరి తలుపు వెనకే ఉంది, అంతా వింది. పెద్దావిడ మంచికే చెప్తోందనుకుంది. ఆ నర్సు బదిలీ మీద వెళ్ళిపోయింది, తర్వాత ఎవరూ రాలేదు. బిడ్డ పోయాక అత్తాకోడళ్ళు ఆ మాట ఒక్కసారి కూడా ఎత్తుకోలేదు.

ఈ పొద్దు తిరుపాలమ్మ వాకిలికి అడ్డం నిలబడింది కూడా అందుకే. ఈశ్వరికి షుగరు లేదంటే అప్పుడూ లేనట్టే. అప్పుడు లేకపోతే ఆ బిడ్డ పోవడంలో తన తప్పు లేనట్టే. సగం గ్లాసు ఇచ్చిన ఆ ఊరట మీదే ఆమె ఈ నాలుగు రోజులూ కడుపునిండా తిని, కంటినిండా నిద్రపోయింది.

ఇప్పుడు ఆమె ముఖం పాలిపోయి, అరగంటలో పదేళ్ళు పైబడినట్టు గోడకు ఆనుకుంది.

ఈశ్వరి ఆ ముఖం చూసింది.

"వచ్చింది," అంది. "నేనే వద్దన్నా."

"నువ్వా?"

"ఊ. సూదంటే భయమని."

నరసింహులు అరుస్తాడనుకుంది. అరిచి ఉంటే బాగుండేది. అతను ఆమె వైపు అలా చూస్తూ నిలబడ్డాడు, ఎవరో తెలియని మనిషిని చూసినట్టు.

"సగం గ్లాసు తాగింది తప్పని తెలిసినాకాన్నుంచి నాకు కంటిమీద కునుకు లేదు ఈశ్వరీ. నా చేతుల్తో నా బిడ్డకు ఏం చేస్తినో అని. నువ్వు ఇన్నాళ్ళు... ఆ బిడ్డను మట్టిలో పెట్టినోన్ని నేను. ఒక్క మాట చెప్పలేకపోతివా?"

ఆ తర్వాత ఏమీ అనలేదు. తువ్వాలు భుజం మీద వేసుకుని రోడ్డు వైపు నడిచాడు.

తిరుపాలమ్మ కోడలి మణికట్టు పట్టుకుంది. "ఏంటికే అట్ల చెప్తివి?"

"నన్ను చూసిన చూపు నిన్ను చూసింటే నువ్వు తట్టుకోలేవత్తా. నా మీద కోపం ఎంత సేపులే. నాలుగు దినాలుంటే పోతాది."

"పోదు మే. వాన్ని కన్నది నేను. వాడు తిట్టిపోసినాడంటే మర్చిపోతాడు. గమ్మున పోయినాడంటే మర్చిపోడు."

"అత్తా, వద్దు. నా మాట విను. ఇప్పుడు చెప్తే ఏమొస్తాది?"

"ఏమీ రాదు," అంది తిరుపాలమ్మ. "నువ్వు కడుపుతో ఉండావు. నీ మీద వాని మనసు ఇరగ్గూడదు."

కోడలి చెయ్యి వదిలేసి తిరుపాలమ్మ ఎండలోకి దిగింది. గోడ దగ్గర విడిచిన చెప్పులు అక్కడే ఉండిపోయాయి. రోడ్డు మీద బస్సు వచ్చి ఆగింది. నరసింహులు వెనక్కి తిరిగి చూడకుండా మెట్టు మీద కాలు పెట్టాడు.

"ఒరే నరసింహా! నిలబడ్రా!"

బస్సులో వాళ్ళంతా కిటికీల్లోంచి చూశారు. కండక్టరు విజిల్ నోట్లో పెట్టుకుని ఆగాడు.

"ఆ నర్సమ్మను ఎనక్కి పంపింది నీ పెండ్లాం కాదురా!"

నరసింహులు కాలు కిందికి దించాడు. బస్సు కదిలి వెళ్ళిపోయింది. దుమ్ములో నిలబడి తల్లి ముఖంలోకి చూశాడు. వెనక ఈశ్వరి అత్త చెప్పులు చేత పట్టుకుని పరుగులాంటి నడకతో వస్తోంది.

"మరి ఎవరమ్మా?" అన్నాడు, జవాబు అప్పటికే తెలిసిపోయిన గొంతుతో.